చదువుకు చదువుకు నడుమ ఒక ఏడు

మన పేటలో "గ్యాప్" మంచి మాట కాదు. ఫలానా వాళ్ళ పిల్లకు గ్యాప్ పడ్డది అంటే చాలు, ఫెయిలయిందా, జబ్బు చేసిందా, ఫీజుకు పైసలు లేకనా అని మూడు అనుమానాలు ఒక్కసారే లేస్తయి. నాలుగో అనుమానం నేను రాయను, ఆడపిల్లలున్న ఇండ్లల్లో అందరికీ తెలుసు. సాంచాల మీద బతికినోళ్ళం గద, ఆగిన దేన్ని చూసినా మనకు గుండె ఝల్లుమంటది. సాంచా నిలబడితే గజాలు పోతయి, గజాలు పోతే కూలి పోతది. జాబర్ వచ్చి ముందు అడిగేది "ఎందుకు నిలబడ్డది?" అనే. పడుగు తెగి అతుకు వేస్తున్నవా, ఊరికే ఆపినవా అన్నది తర్వాతి మాట.

పోయిన నెల కిరాణా దుకాణం కాడ ఒక తల్లి నన్ను ఆపి అడిగింది. "పెద్దయ్యా, మా బిడ్డ పన్నెండోది అయిపోతే కాలేజీలో చేరకుండ ఒక ఏడు జర్మనీ పోతదట, మీ మనవరాలి లెక్క. పంపాలెనా, వద్దా?" అక్కడ నిలబడి చెప్పే జవాబు కాదు అది. ఇంకా నలుగురైదుగురు ఇదే అడిగిన్రు కాబట్టి ఈ నెల నా పేజీ దీనికే ఇస్తున్న.

విదేశం అంటే మనకు ఇన్నేండ్లూ దుబాయి, మస్కట్, సౌదీ. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ దిక్కు ఏ ఊరికి పోయినా ఆ తొవ్వ తెలిసినోళ్ళు ఉంటరు. అది అప్పు చేసి పోయే తొవ్వ. పోయినోడు ముందు అప్పు తీరుస్తడు, తర్వాత చెల్లె పెండ్లి చేస్తడు, తర్వాత ఇల్లు కడతడు, ఇంతల తల నెరుస్తది. ఇప్పుడు నేను రాసేది ఆ తొవ్వ గురించి కాదు.

యూరప్ దేశాల్లో బడి చదువు అయినంక, కాలేజీలో చేరకముందు, పిల్లలు ఒక ఏడు పక్కకు తీసి వేరే దేశం పోయి వచ్చుడు ఉన్నది. ఇంగ్లండులో అలెక్ డిక్సన్, ఆయన భార్య మోరా కలిసి 1958లో వీఎస్ఓ అనే సంస్థ మొదలుపెట్టిన్రు. బడి అయిపోయిన పద్దెనిమిదేండ్ల పిల్లలను ఏడాదికని దూర దేశాలకు సేవకు పంపుడు దాని మొదటి పని. జర్మనీలో సేవా సంవత్సరానికి 1964లోనే చట్టం వచ్చింది. అక్కడ మగపిల్లలకు సైన్యంలో పనిచేసుడు తప్పనిసరిగా ఉండేది, అది వద్దన్నోళ్ళు ఆసుపత్రుల్లో, ముసలోళ్ళ ఆశ్రమాల్లో చేసేది. 2011 జూలై 1 నుంచి ఆ తప్పనిసరి ఆగిపోయింది. దాని జాగాలో ఎవరైనా ఇష్టముంటే చేరే సేవను సర్కారే పెట్టింది. 2008లో "వెల్ట్‌వేర్ట్స్" అని ఒక పథకం తెచ్చిన్రు. ప్రపంచం దిక్కుకు అని దాని అర్థమట. 18 నుంచి 28 ఏండ్ల జర్మన్ పిల్లలు మన దేశం వంటి దేశాలకు వచ్చి ఏడాది ఉంటరు. మీ పిల్లలు మా దిక్కు వచ్చుడేనా, మా పిల్లలు మీ దిక్కు రావద్దా అని అడిగితే 2013 నుంచి ఇటు నుంచి అటు పోయే దారి కూడా తెరిచిన్రు. మా మనవరాలు పోయింది ఆ దారినే.

పైసలున్నోళ్ళ పిల్లలు ఏడాదంతా దేశాలు తిరిగి ఫోటోలు దిగి వస్తరు, దాన్ని కూడా గ్యాప్ ఇయరే అంటరట. దాని గురించి నాకు చెప్పేదేం లేదు.

మా మనవరాలు పెద్ద కొడుకు బిడ్డ. నాయన అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో టవల్ కార్ఖానాలో, తల్లి ఇంట్ల బీడీలు. పన్నెండో తరగతి సైన్సు, 71 శాతం మార్కులు. బడిలో ఒక టీచరమ్మ ద్వారా ఈ సంగతి తెలిసి ఇంటికొచ్చి చెప్పింది. వారం రోజులు ఇంట్ల లొల్లి. వాళ్ళ నాయన అన్నం కాడ కూడా మాట్లాడలేదు. నేను మూడు ప్రశ్నలు అడిగిన. పైసలు ఎవరియి? పండేది ఎక్కడ? తిరిగొచ్చే తారీఖు ఏది? రానుపోను టికెట్టు, గది, తిండి, జబ్బు చేస్తే భీమా, నెలకు ఇంత అని జేబు ఖర్చు అన్నీ పథకం వాళ్ళవే. పన్నెండు నెలలు అయినంక వీసా అయిపోతది, రావాల్సిందే. మూడిటికీ కాగితం చూపించింది. నాకు సరిపోయింది. వాళ్ళ నాయనకు సరిపోలేదు గాని, కాదనే మాట కూడా నోట్లకెళ్ళి రాలేదు.

పుణేలో మాక్స్‌ముల్లర్ భవన్ అని జర్మన్ నేర్పే జాగా ఉన్నది. మా మరదలి ఇంట్ల నాలుగు నెలలుండి అక్కడ నేర్చుకున్నది. ఆగస్టు చివర్ల విమానం ఎక్కింది. సంచిలో మూడు కిలోల శేంగా చట్నీ.

ఆమెకు దొరికిన ఊరు ఔగ్స్‌బుర్గ్. మ్యూనిక్ అనే పెద్ద పట్నానికి పడమర దిక్కు, రైలుకు గంటలోపల. ఈ ఊరి సంగతి మన పత్రికలో రాయక తప్పదు, ఎందుకంటే అది మన కులవృత్తి ఊరు. 1367లో హాన్స్ ఫుగ్గర్ అనే సాలాయన పక్క పల్లె నుంచి బతుకుతెరువుకు ఈ ఊరికి వచ్చిండు. ఆయన సంతానమే మెల్లగ బట్టల వ్యాపారం చేసి, తర్వాత రాజులకు అప్పులిచ్చే అంత ఎదిగిన్రు. ఆ వంశంలో యాకోబ్ ఫుగ్గర్ అనే ఆయన 1521లో బీదవాళ్ళకు ఒక పేట కట్టించిండు, ఫుగ్గరై అంటరు. ఇప్పటికీ జనం ఉంటున్నరు. ఇంటి కిరాయి ఎంతనుకున్నరు? ఏడాదికి 88 సెంట్లు. అంటే ఒక యూరో కూడా కాదు. కరెంటు, నీళ్ళ ఖర్చు వేరే అనుకోండి. బదులుగా రోజుకు మూడుసార్లు కట్టించినాయన పేరు మీద ప్రార్థన చేయాలె. రాత్రి పదికి గేటు వేస్తరు, ఆలస్యంగా వచ్చినోళ్ళు కావలి మనిషికి చిల్లర పైసలియ్యాలె. మన కుంభారీ కాడ గోదూతాయి పరుళేకర్ పేరుతో బీడీ కార్మికులకు 10,000 ఇండ్లు కట్టించుకున్నం గద, అది గుర్తుకొచ్చింది నాకు. మన ఇండ్లు ఏ షావుకారూ కట్టియ్యలేదు, మన ఆడోళ్ళు ఎండల జెండాలు పట్టుకొని మోర్చాలు తీస్తే వచ్చినయి. మూడు పూటలా ఎవరి పేరూ తలిచే పని లేదు.

అదే ఊళ్ళో పెద్ద పెద్ద నూలు మిల్లులు కూడా ఉండె. అన్నీ మూతబడ్డయి. ఒక ఉన్ని నూలు మిల్లు షెడ్డుల 2010లో బట్టల మ్యూజియం పెట్టి పాత సాంచాలు నడిపి చూపిస్తరట. పిల్ల ఫోనుల వీడియో పంపింది. బొమ్మ సరిగ్గ కనపడలేదు గాని నాడె కొట్టే చప్పుడు విన్న. మా ఇంటిది మంచం మీది నుంచే "ఎవరి కార్ఖానా అది?" అన్నది.

పిల్ల పని ముసలోళ్ళ ఆశ్రమంలో. వారానికి నలభై గంటలకు కొంచెం తక్కువ. పొద్దున లేపుడు, మొఖం కడుగుడు, తినిపిచ్చుడు, చక్రాల కుర్చీల తోటకు తీసుకపోవుడు. నర్సుల పని నర్సులదే, ఈ పిల్లలు చేతికింద సాయం. మొదటి నెల రోజూ ఏడ్చిందట. ఆ సంగతి అప్పుడు చెప్పలేదు, వచ్చినంక చెప్పింది. ఇంట్ల ఒక్కగానొక్క ఆడపిల్ల, తాతకు కూడా కాళ్ళు పట్టింది లేదు. అక్కడ ఎవరో పెద్దమనిషి ఒళ్ళు కడగాలె. చేతులు రాలేదట. ఒక పాత నర్సమ్మ దగ్గరుండి చూపించింది. ముందు తలుపు కొట్టు. తర్వాత పేరు పెట్టి పిలువు. నీళ్ళు వేడిగున్నయా అని అడుగు. ఇప్పుడు చెయ్యి ముట్టుకుంటున్న అని చెప్పి అప్పుడు ముట్టుకో. ఒళ్ళంతా ఒక్కసారి విప్పకు, కడిగే జాగా మాత్రమే తెరువు, మిగతాది తువ్వాలు కప్పి ఉంచు. "అది నేర్చుకున్నంక ఏడుపు ఆగింది తాతా. సిగ్గు నాది కాదు, వాళ్ళది. వాళ్ళ సిగ్గు కాపాడుడే నా పని" అన్నది. పద్దెనిమిదేండ్ల పిల్ల నోట్లకెళ్ళి ఈ మాట వచ్చిందంటే నేను కొంచెం సేపు ఫోను చెవి కాడినుంచి తీసి పెట్టుకున్న.

భాష సంగతి నవ్వొస్తది. పుణేలో నేర్చుకున్న జర్మన్ ఒకటి, ఆ ముసలోళ్ళు మాట్లాడేది ఒకటి. బళ్ళో "గూటెన్ టాగ్" అని నేర్పిన్రు, అక్కడ అందరూ "గ్రూస్ గోట్" అంటరు. హైదరాబాదు నుంచి వచ్చిన కొత్త కోడలికి మన సోలాపూర్ తెలుగు ఎట్లుంటదో అట్లనే. నడుమ నడుమ మరాఠీ, కన్నడం పడే మన మాట విని వాళ్ళు ఇది తెలుగేనా అంటరు గద!

బతుకమ్మ పండుగ వచ్చింది. తంగేడు లేదు, గునుగు లేదు. ఎర్రగ, పచ్చగ రాలిన చెట్ల ఆకులు ఏరి, దుకాణంల చామంతులు కొని, పళ్ళెంల పేర్చింది. తీసుకపోయి ఆశ్రమం భోజనాల బల్ల మీద పెడితే ఒక ముసలాయన టోపీ తీసి "ఎవరు చచ్చిపోయిన్రు?" అన్నడట. అక్కడ చామంతులు సమాధుల మీద పెడతరు, నవంబరు ఒకటో తారీఖు వాళ్ళకు పెద్దల పండుగ. ఈమె వచ్చిన జర్మన్‌లనే, ఇది చావుకు కాదు, ఆడబిడ్డల పండుగ అని చెప్పేసరికి గంట పట్టింది. ఆ గంటల ఆరుగురు ముసలమ్మలు చేరిన్రు. పాట రాకున్నా చప్పట్లు కొట్టిన్రు.

తర్వాత చలికాలం. డిసెంబరుల సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గూకుతది. ఆదివారం దుకాణాలన్నీ బంద్. మాట్లాడే మనిషి లేక గదిల కూసుంటే గోడలు మీదికొచ్చినట్టుండేనట. జనవరిల మన సిద్ధేశ్వర జాతర, నందిధ్వజాలు పోతుంటే వాళ్ళ తమ్ముడు వీడియో కాల్ చేసిండు, రెండు నిమిషాలు చూసి కట్ చేసింది. "నెట్ లేదు" అన్నది. నెట్ ఉన్నదని అందరికీ తెలుసు. వాళ్ళ నాయన ఆ రాత్రి "వచ్చెయ్యి బిడ్డా, టికెట్టు నేను పెడత" అని మెసేజ్ పెట్టిండు. ఎక్కడినుంచి పెడతడు? అయినా పెట్టిండు. ఆమె పొద్దున జవాబిచ్చింది, "ఒక ముసలమ్మకు నేనే తినిపియ్యాలె నాయనా, ఇంకొకరి చేతిల తినదు."

ఆ ముసలమ్మ సంగతి చెప్పాలె. తుర్కీ దేశపు ఆమె. 1961లో జర్మనీ, తుర్కీ దేశాలు కూలీల ఒప్పందం చేసుకున్నయి. ఇటలీతోని 1955లోనే అయింది. "గాస్ట్ ఆర్బైటర్" అంటరు, అంటే చుట్టం కూలి. చుట్టం లెక్క వచ్చి, పనిచేసి, పోవాలె అని వాళ్ళ లెక్క. ఈమె పద్దెనిమిదేండ్లప్పుడు ఒక్క ఏడు అనుకొని వచ్చి నూలు మిల్లుల రింగు ఫ్రేము మీద నిలబడ్డది. ఏడు పోయి పెండ్లయింది, పిల్లలు పుట్టిన్రు, మిల్లు మూతబడ్డది, పెనిమిటి పోయిండు. ఇప్పుడు మతిమరుపు. నేర్చుకున్న జర్మన్ అంతా మరిచిపోయింది, అమ్మ భాష ఒక్కటే మిగిలింది. రోజూ మా పిల్లను చెయ్యి పట్టుకొని ఒకటే అడుగుతదట, తుర్కీల. ఆ మాట అర్థం ఒక తుర్కీ నర్సును అడిగి తెలుసుకున్నది. "నువ్వు ఎప్పుడు తిరిగి పోతవు?"

ఇది చదివినంక మన ముసలోళ్ళు ఒకరి మొఖం ఒకరు చూసుకుంటరని నాకు తెలుసు. మనమందరం "ఒక్క ఏడు" అనే వచ్చినం. నేను 1973ల వచ్చిన. అయిదో తరగతి చదువు, పద్నాలుగేండ్ల వయసు. కరువు గడిచేదాకా ఒక్క ఏడు పోయి రా అని మా అవ్వ సద్ది కట్టి బస్సెక్కిచ్చింది. వచ్చి సాకర్ పేటల మేనమామ ఇంట్ల దిగి, పొద్దున కండెలు చుట్టుడు, రాత్రి సాంచాల నడుమనే గోనెసంచి పరుచుకొని పండుడు. మరాఠీ రాదు. భాకరీ అంటే ఏందో తెల్వదు. తర్వాత మిల్లుల బదిలీ పని, తర్వాత పర్మినెంటు, తర్వాత ఒకనాడు మిల్లు భోంగానే మోగలేదు. ఆ ఏడు ఇప్పటిదాకా అయిపోలేదు.

మాకూ పెరుగుదల లేదా అంటే ఉన్నది. పద్నాలుగేండ్లోడు నెలల పెద్దోడైండు. బతుకు నేర్పింది అంటరు, నేర్పిన మాట నిజమే. కానీ ఏం నేర్పిందని మమ్మల్ని ఎవరూ కూసోబెట్టి అడగలేదు. అక్కడ ఆ పిల్లలను అడుగుతరు. ఇదే నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది. జర్మనీ సేవా సంవత్సరంల 25 దినాలు పని ఉండదు. అది సెలవు కాదు, చట్టంల రాసిందే. ఆ దినాలల్ల అట్లాంటి పిల్లలందరినీ ఒక జాగాకు పిలిచి, ఏం చూసినవు, ఏం కష్టమైంది, ఎవరి మీద కోపమొచ్చింది, తిరిగిపోయి ఏం చేద్దామనుకుంటున్నవు అని మాట్లాడిపిస్తరు. ఒంటరితనం గురించి మా పిల్ల మొదట నోరు విప్పింది అక్కడనే. పెరూ, టాంజానియా దేశాల పిల్లలు కూడా మాకూ గట్లనే ఉన్నది అంటే, నాకొక్కదానికే కాదు అనిపించిందట. దేశం కాని దేశం పోతే తెలివి వస్తది అంటరు. విమానం ఎక్కితే తెలివి రాదు. దుబాయి నుంచి ముప్పయ్యేండ్లకు వచ్చినోళ్ళు నోరు విప్పకుండ కూసునుడు మనం చూసినం. చూసినదాన్ని చెప్పుకునే జాగా ఉండాలె, వినే చెవి ఉండాలె.

పోయిన సెప్టెంబరుల తిరిగొచ్చింది. రెండు నెలలు ఎవరితోని పడలేదు. బస్సు ఆలస్యమైతే గొణుగుడు, గల్లీల చెత్త చూస్తే మాటలు. వాళ్ళ అమ్మ "పోయి మమ్మల్ని తప్పులు పట్టుడు నేర్చుకొని వచ్చినవా" అన్నది. ఆ కోపం దానంతట అదే తగ్గింది. మిగిలింది వేరే. మా ఇంటిది తుంటి ఎముక విరిగి మంచం పట్టి ఎనిమిది నెలలు. పక్కకు తిప్పాలంటే ఇద్దరం పట్టాలె, ఆమె కేకలు గల్లీ చివరిదాకా. పిల్ల వచ్చిన మూడోనాడు తలుపు మీద వేలుతోని కొట్టి, "నానమ్మా, నేను. ఇప్పుడు నీ భుజం పడుతున్న" అని చెప్పి, కింద దుప్పటి మడత వేసి, ఒక్కతే తిప్పింది. కేక లేదు. మా కొడుకు తలుపు కాడ నిలబడి చూసిండు. మర్నాటి నుంచి వాడు కూడా ముట్టుకునే ముందు "అమ్మా" అని చెప్పి ముట్టుకుంటున్నడు. యాభై యేండ్లకు దగ్గరబడ్డోడు.

ఫార్మసీ అనుకున్న పిల్ల ఇప్పుడు నర్సింగు అంటున్నది, ప్రవేశ పరీక్షకు చదువుతున్నది. మళ్ళ ఆ దేశమే పోతదేమో అని వాళ్ళ అమ్మకు భయం. పోవచ్చు కూడా. పోయిన ఏడు చూపులకు వస్తమన్న సంబంధపోళ్ళు ఇప్పుడు చప్పుడు చేస్తలేరు. ఇవి కూడా రాయాలె, మంచే రాస్తే మీరు నన్ను నమ్మరు.

ఇంకొకటి ఉన్నది, నాకు నిద్ర పట్టనిది. మా పక్కింటి పిల్లగాడు. మా పిల్లతోపాటే పన్నెండు పాసయిండు, మార్కులు ఆమెకన్నా నాలుగు ఎక్కువ. ఆ ఎండాకాలమే వాళ్ళ నాయనకు దగ్గు ఎక్కువై, దూది దుమ్ము ఊపిరితిత్తులల్ల దిగిందని డాక్టరు పని మాన్పించిండు. షేట్ కాడ తీసుకున్న బాకీ ఉన్నది. పిల్లగాడు నాయన జాగాల నాలుగు సాంచాల మీద నిలబడ్డడు, రాత్రి పాళీ. ఏడాది. వానిది కూడా గ్యాపే.

కాలేజీల చేరాలంటే మధ్యల ఏడు ఎందుకు పోయిందో ప్రమాణపత్రం ఇయ్యాలె, గ్యాప్ సర్టిఫికెట్ అంటరు. ఇద్దరినీ నేనే కోర్టు కాడ నోటరీ బల్లకు తీసుకపోయిన. ఒకే రకం స్టాంపు కాగితం, ఒకే నమూనా, నడుమ ఒక్క గీత ఖాళీ, అక్కడ కారణం రాయాలె. పిల్లది "విదేశంలో సామాజిక సేవ" అని టైపు చేస్తూ టైపిస్టు తలెత్తి, "అరే వా, జర్మనీ! ఎట్లుంటది బేటా?" అని పది నిమిషాలు ముచ్చట పెట్టిండు. పిల్లగానిది "ఘరగుతీ కారణ్" అని, అంటే ఇంటి కారణం అని, తల ఎత్తకుండనే కొట్టి చేతిల పెట్టిండు. పైసలు ఇద్దరి కాడ ఒకటే తీసుకున్నడు.

బయటకొచ్చి చాయ్ తాగుతూ నేను పిల్లగాన్ని అడిగిన, ఏం నేర్చుకున్నవురా అని. "ఏముంటది తాతా" అన్నడు. మా పిల్ల వదలలేదు. ఆశ్రమంల 25 దినాల మీటింగుల ఎట్ల అడుగుతరో అట్ల ఒక్కొక్కటి అడిగింది. అప్పుడు బయటకొచ్చింది. మోటారు వైండింగు సొంతంగ చేసుకునుడు వచ్చింది. చప్పుడు విని ఏ సాంచాల బెల్టు సడలిందో చీకట్ల చెప్తడు. బాకీ లెక్కల షేట్ రెండుసార్లు పట్టిన పైసలు వహీల చూపిచ్చి తిరిగి రాబట్టిండు, లొల్లి పెట్టుకోకుండ. రాత్రి మూడింటికి పక్క షెడ్డు పిల్లగాడు నిద్ర మత్తుల చెయ్యి పెట్టబోతే మెయిన్ స్విచ్ కొట్టిండు. ఆ సంగతి ఇంట్ల కూడా చెప్పలేదు. చెప్తూ చెప్తూ చాయ్ గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికింది. ఏడాదికి మొదటిసారి చెప్పిండట.

ఆ పిల్లగాన్ని సాంచాల మీదికి మళ్ళ పోనియ్యొద్దు. పన్నెండు సైన్సు పాసయినోళ్ళకు పాలిటెక్నిక్‌ల నేరుగా రెండో ఏడులనే సీటు దొరుకుతది, ఇది చాలామంది తల్లిదండ్రులకు తెల్వదు. ఎలక్ట్రికల్‌కు ఫారం నింపినం.

జర్మనీ పంపుదామనుకునే ఇండ్లకు నాలుగు ముక్కలు. ఈ సేవా పథకానికి లక్షలు కట్టే పని లేదు. వాలంటీరు వీసా ఇప్పిస్తం, అయిదు లక్షలియ్యి అన్నోడు ఎవడైనా సరే గుమ్మం కాడినుంచే పంపించండి. అక్కడి సంస్థకు ఇక్కడ ఒక తోడు సంస్థ ఉంటది, పిల్లలను ఎంచేది వాళ్ళే, కాబట్టి వాళ్ళ ఆఫీసు ఎక్కడ ఉన్నదో పోయి చూడండి, ముందు పోయి వచ్చిన పిల్లల తల్లిదండ్రులతోని మాట్లాడండి. "ఓ పేర్" అని ఇంకోటి ఉన్నది, జర్మన్ కుటుంబంల ఉండి వాళ్ళ పిల్లలను చూసుకునేది. దానికి నెలకు 280 యూరోల జేబు ఖర్చు, వారానికి 30 గంటలకు మించి పని చెప్పొద్దని రూలు, సొంత గది ఇయ్యాలె. అది సేవా పథకం కాదు, రెండిటినీ కలిపి చెప్పే ఏజెంట్లు ఉన్నరు. ఇక ఉద్యోగం పేరు మీద పంపేటోడైతే విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరయి ఉండాలె, 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోవద్దు. రసీదు అడగండి. పాస్‌పోర్టు ఎవరి చేతిలా పెట్టకండి, పిల్లకు కూడా ఆ మాట చెప్పి పంపండి. కాలేజీ ఆఫీసుల ముందే అడిగి పెట్టుకోండి, ఏడు ఆగితే స్కాలర్‌షిప్పుకు ఏమన్నా అడ్డమా అని.

అప్పు చేసి మాత్రం పంపకండి. అప్పుతో పోయిన పిల్ల రోజూ లెక్కలే చూస్తది, ఏ ముసలమ్మ మొఖమూ చూడదు.

వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున పది గంటలకు మన వాచనాలయం మీది గదిల ఇద్దరూ కూసుంటరు, మా మనవరాలు, పక్కింటి పిల్లగాడు. ఆమె జర్మనీ ఏడు చెప్తది, వాడు రాత్రి పాళీ ఏడు చెప్తడు. పదకొండు, పన్నెండు చదివే పిల్లలను తీసుకొని రండి, బీడీల లెక్క అప్పజెప్పి వచ్చేటోళ్ళు ఆలస్యంగనైనా రండి. కుర్చీలు ఇరవయ్యే ఉన్నయి. చాప వెంట తెచ్చుకోండి.